ఎవరూ లేరు, మనుషులున్నారు

మా ముత్తాత మాలీపటేలు. అడవి అంచు ఊళ్ల శిస్తంతా ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. ఆయన కొడుకు, అంటే మా తాత, పోలీసు పటేలు. కొత్తగా వచ్చిన తాసిల్దారు ముందుగా మా తాతను కలిసి, ఆ తరువాతే కచేరీలో కుర్చీ ఎక్కేవాడని చెప్పేవారు. మా నానమ్మ పుట్టింటికి బయలుదేరితే బండికి ముందొక మనిషి, వెనకొక మనిషి నడిచేవారు. మా నాన్న కాలానికి పదవులు పోయి పిలుపు మిగిలింది. నా వంతుకు వచ్చేసరికి, జూలూరుపాడులో నేను కిరాయికి ఉంటున్న ఇంటి ఎదురుగా టీ హోటలతను తప్ప నన్ను పటేలా అని పిలిచేవారు లేరు. అతను కూడా చిల్లర లేనప్పుడే పిలుస్తాడు.

భద్రాచలంలో ఒక చిన్న సాహితీ బృందం కథల పోటీ పెట్టిందని తెలిసి నేను కథ పంపడానికి కారణం మా తాతే. ఆయన హయాం గురించి వచ్చిన రాతల్లో పటేళ్లందరూ ఒకే మనిషి. మీసం, కొరడా, ఎర్రటి కళ్లు. మా తాత గురించి మాత్రం అచ్చులో ఒక్క ముక్క లేదు. ఈ పోటీలో మొదటి బహుమతి వచ్చిన కథను సంకలనంలో ముందు వేస్తారనీ, ఆ పుస్తకం చుట్టుపక్కల బడులన్నిటికీ వెళ్తుందనీ ప్రకటనలో ఉంది. పిల్లలు చదివే పుస్తకంలో మా తాత తాతగానే ఉండాలని నా కోరిక.

ఆ పోటీ పద్ధతి కొంచెం వేరు. కథ పంపిన ప్రతివారూ న్యాయనిర్ణేతే. పేర్లు తీసేసి, అంకెలు వేసి, అందరి కథలూ అందరికీ ఇస్తారు. ఎవరి కథకు వారు మార్కులు వేసుకోకూడదు. చివరికి ఒకరోజు అందరూ కూర్చుని ఒక్కొక్క కథ గురించి మాట్లాడతారు. తన కథ వచ్చినప్పుడు రాసినవాడు నోరు మెదపకూడదు. ఎవరిది ఏ కథో నిర్వాహకుడు ఒక్కడికే తెలుసు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. అందరూ తెలుగు సారు అంటారు.

నేను మార్కులు గట్టిగానే వేశాను. వరదల్లో బడిలోకి చేర్చిన కుటుంబాల కథ ఒకటి వచ్చింది. అందులో ఒక ముసలామె, అక్కడ పంచుతున్న పులిహోర పొట్లం పట్టుకోదు, తన పొయ్యి తనకు తెచ్చిపెట్టమని కూర్చుంటుంది. ఆమె నాకు బాగా నచ్చింది. అయినా కథంతా ‘వచ్చిండు, పోయిండు’ అనే రాశారని మార్కులు తగ్గించాను. మాట్లాడేది వేరు, రాసేది వేరు అని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే.

చర్చ జరిగిన రోజు వాన ముసురుకుని ఉంది. గుడి దారిలో ఒక సత్రం మేడ మీద హాలు. డజను మందిమి ఉన్నాం. నా పక్కన సర్కారు దవాఖానాలో నర్సుగా పనిచేసే ఆమె కూర్చుంది. అందరూ సిస్టర్ అని పిలుస్తున్నారు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, బైబిలు ఒళ్లోనే ఉంది. ఎదురుగా, చర్ల వైపు అడవి ఊరి నుంచి వచ్చిన ఒక టీచరు. వరద కథ మీద నేను భాష గురించి మాట్లాడినప్పుడు అతను నవ్వి, మునిగిపోయేవాళ్లు గ్రాంథికంలో అరవాలా సార్ అని అడిగాడు. అందరూ నవ్వారు. సిస్టర్ మాత్రం నవ్వకుండా కిటికీ వైపు చూసింది. ఆ కథ ఆమెదేనని అప్పుడు అర్థమైంది.

తరువాత నా కథ వచ్చింది.

అందులో ఉన్నదంతా మా ఇంట్లో చెప్పుకున్నదే. ఒక కరువు ఏడాది అడవి ఊళ్ల జనం గింజల కోసం మా వాకిట్లోకి వస్తారు. తాత ఊళ్లో లేడు. పొద్దంతా ఎండలో కూర్చుంటారు. సాయంత్రం ఆయన గుర్రం దిగుతూనే, కాళ్లు కూడా కడుక్కోకుండా పాతర మూత తీయించి జొన్నలు కొలిపిస్తాడు. ఆయన మంచితనం చెప్పడానికే రాశాను. కథ మధ్యలో ఒకచోట, జనం అంతసేపు ఎందుకు ఆగాల్సి వచ్చిందో చెప్పడానికి ఇలా రాశాను: ‘ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. మనుషులు మాత్రం ఉన్నారు.’

మా ఇంట్లో మనుషులంటే పనివాళ్లు. ఇద్దరు మనుషుల్ని పంపండి అంటే అదే అర్థం. నాకు అది ప్రత్యేకమైన వాక్యంలా కూడా తోచలేదు.

టీచరు ఆ రెండు ముక్కలూ పైకి చదివాడు.

“ఎవరు రాసిన్రో గానీ, ఒక్క దెబ్బతోటి దొరతనాన్ని నడిబజార్ల నిలబెట్టిన్రు” అన్నాడు.

హాల్లో తలలు ఊగాయి. ఇంకొకాయన దాన్ని పదునైన వ్యంగ్యమన్నాడు. పాతర పక్కనే పనివాళ్లుండి కూడా, వాళ్లు లెక్కలోకి రాకపోవడం వల్ల ఆకలిగొన్న జనం సాయంత్రం దాకా ఎండిపోయారనీ, కథ మొత్తం ఆ వాక్యం మీదే నిలబడిందనీ వివరించాడు. తాత గుర్రం దిగిన ఘట్టం గురించి ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు సిస్టర్ మెల్లగా అంది. “మా అమ్మమ్మ గిట్లనే ఒక దొరోళ్ల ఇంట్ల చేసింది. బయటోళ్లు ఎవరన్న వచ్చి, ఇంట్ల ఎవరున్నరే అంటే, ఎవ్వరు లేరయ్యా, మేమే ఉన్నం అనేటిదంట. మాకు చెప్పుకుంట నవ్వేటిది.”

నేను నీళ్లకని లేచాను. దాహం లేదు. తాగి వచ్చి కూర్చుని, మళ్లీ లేచి కిటికీ దగ్గరికి పోయాను. తెలుగు సారు నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు.

భోజనాల వేళ నేను తినలేదు. కరకట్ట మీదికి పోయి ఆ చివరి దాకా నడిచాను, వెనక్కి నడిచాను. గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది. బహుమతి నాకే వస్తుందని తెలిసిపోయింది. నోరు మూసుకుంటే బడిపిల్లల చేతుల్లోకి మా తాత ఎగతాళి బొమ్మగా పోతాడు. నోరు తెరిస్తే బహుమతితో పాటు కథే పోతుంది. కొత్తగూడెం బస్సు కనబడితే ఎక్కి వెళ్లిపోదామనుకుని బస్టాండు దాకా పోయాను. బస్సు ఉంది. ఎక్కలేదు. నా పేరు పిలిచినప్పుడు నేను లేకపోతే పారిపోయాడంటారు.

మొదటి బహుమతి ప్రకటించి, తెలుగు సారు నన్ను రెండు మాటలు చెప్పమన్నాడు. లేచి నిలబడ్డాను.

“ఆ వాక్యం నేను వెటకారానికి రాయలేదు. మా ఇంట్లో అట్లనే అంటం. ఆ పటేలు మా తాత” అన్నాను.

కింద రోడ్డు మీద ఆటో మైకులో నది మట్టం పెరుగుతోందని చెబుతూ పోయింది. చివరికి టీచరే అందుకున్నాడు.

“మరి మేమేసిన మార్కులు దేనికి సార్? మీరు రాసినదానికా, మేం చదివినదానికా?”

తెలుగు సారు ఇరకాటంలో పడ్డాడు. కథ రాసినవారిదేననీ, నాకు ఇబ్బందిగా ఉంటే అచ్చుకు పోయే ముందు ఆ రెండు ముక్కలూ తీసేయవచ్చనీ, బహుమతి సంగతి ఎవరూ ఎత్తరనీ అన్నాడు. నాకు ఒక్కసారిగా ఊపిరి ఆడినట్టయింది. అవి తీసేస్తే మా తాత మా తాతలాగే మిగులుతాడు.

“తీస్తే నా మార్కులు నాకియ్యుండ్రి” అంది సిస్టర్. తరువాత నా వైపు తిరిగింది. “ఎటకారం కాదని నాకు తెల్సు సార్. కావాలని రాస్తే గట్ల రాదు.”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. హాలంతా నా మాట కోసం చూస్తోంది. మా తాత అయితే ఏమనేవాడో ఆలోచించాను. మంచి చెడ్డ తరువాత సంగతి, అన్న మాటను ఆయన నలుగురి ముందు ఎన్నడూ దిద్దుకోలేదు.

“ఉండనీయండి. అన్న మాట వెనక్కి తీసుకునుడు మా ఇంట్ల లేదు” అన్నాను.

టీచరు చప్పట్లు కొట్టాడు. మెచ్చుకున్నాడో, ఆట పట్టించాడో తెలియలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

తెలుగు సారు హాయిగా నవ్వి, అయితే ముఖచిత్రంగా ఆ ఇంటి ఫోటోనే వేద్దామన్నాడు. వాకిలీ, పాతర ఉన్న చోటూ కనిపించాలట. వచ్చే ఆదివారం కెమెరా ఉన్నాయనను తీసుకుని వస్తామన్నాడు. సిస్టర్ తాను కూడా వస్తానంది, ఆ ఇల్లు చూడాలనుందట.

ఇల్లు లేదని చెప్పాను. మా నాన్న ఉండగానే దూలాలూ దర్వాజాలూ టేకు వ్యాపారికి, పెంకులు ఒక కోళ్ల ఫారానికి, స్థలం పత్తి కొనేవాళ్లకు అమ్మేశాం.