తులసీరాం వకీలు అడిగిన మూడు వాయిదాలు

తులసీరాం వకీలు జొన్నచేనును బోనెక్కించి సాక్ష్యం చెప్పించాడని, ఎదుటి వకీలు నోట మాట రాక నీళ్ళు నమిలాడని, మేజిస్ట్రేటు కుర్చీ దిగి చేనుకు సలాం కొట్టాడని సూర్యాపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చేను కూడా వంగి తిరిగి సలాం కొట్టిందనే వాళ్ళూ ఉన్నారు. వకీలు ఇంటివాళ్ళు ఎవరూ ఈ మాట అబద్ధమని ఇంతవరకూ అనలేదు. జరిగింది మాత్రం ఇదీ.

తులసీరాం తుంగతుర్తిలో నేతపని వాళ్ళింట్లో పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవాల్సినవాడు ఉర్దూ బాగా అబ్బడంతో హైదరాబాదు పోయి వకాలతు పరీక్ష గట్టెక్కాడు. తిరిగొచ్చి సూర్యాపేట కోర్టు ఎదురుగా రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బజారు చివరిదాకా వినబడేది. వాయిదా ఉన్న రోజున దూరపు ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా ఆయన ఇంట్లోనే తినేవాళ్ళు. ఎందరొస్తారో తెలియకుండానే భార్య భద్రమ్మ పొయ్యి ముట్టించేది.

"కేసు గెలిచినోడు గీడనే తింటడు, ఓడినోడు గీడనే తింటడు. ఆళ్ళ మీద కేసేసినోడు గూడ గీడనే కూసున్నడు. గిది ఇల్లా, సత్రమా?" అనేదామె.

"ఓడినోనికి జర ఎక్కువ పెట్టు," అనేవాడు ఆయన.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలం, అంటే నలభై తొమ్మిదిలో, సైదమ్మ అనే ఆమె ఆ ఇంటికొచ్చింది. ఆమె భర్త మంగయ్య గొర్రెల కాపరి. కోదాడ దగ్గర ఒక దొర ధాన్యపు కొట్టును ఎవరో పగలగొట్టారు. మంగయ్య మంద రెండు రాత్రులు ఆ కొట్టు వెనకే ఆగిందని, కొట్టు పగలగొట్టింది అతనేనని దొర కావలివాడు హన్మా చెప్పాడు. ఆ రోజుల్లో అంతమాట చాలు. మంగయ్యను సూర్యాపేట జైల్లో పెట్టారు. జమానత్ మీద బయటికి వదలమంటే వదల్లేదు. నేరం రుజువైతే ఏళ్ళకేళ్ళు లోపలే ఉండాలి.

మంగయ్య చెప్పింది వేరు. ఆ వారమంతా అతను మిర్యాలగూడ అవతల త్రిపురారంలో, దుర్గయ్య అనే రైతు చేనులో మంద పెట్టాడు. ఎండాకాలం చేలు ఖాళీగా ఉన్నప్పుడు ఎరువు కోసం రాత్రిళ్ళు గొర్రెలను చేనులో పడుకోబెడతారు. ఏ రాత్రికారాత్రి ముళ్ళదడి పీకి, మందను పక్క పట్టీలోకి జరుపుతారు. కాపరికి రైతు గింజలిస్తాడు.

తులసీరాం మిర్యాలగూడ దాకా బస్సులో, అక్కడి నుంచి ఎడ్లబండిలో పోయి దుర్గయ్యను కలిశాడు. దుర్గయ్య ఆయన మొహం చూడకుండా మాట్లాడాడు.

"వారం అంగడి నాడు వచ్చిండు, మల్ల వారం అంగడికి పోయిండు. నడుమ రాత్రులు మంద ఉన్నదో లేదో నేను సూడలే వకీల్ సాబ్. నాకు పిల్లలున్నరు."

ఇంటికొచ్చి ఆ సంగతే సైదమ్మకు చెప్పాడు.

"దుర్గయ్యను ఎవలడగమన్నరు? చేనునడుగుండ్రి," అందామె.

"చేనేం జెప్తది సైదమ్మా?"

"మంద రాత్రి పండిన కాడ జొన్న నల్లగ లేస్తది, పండని కాడ పాలిపోతది. రాత్రికో నల్ల పట్టీ. నడుమ రెండు రాత్రులు మంద లేకుంటే రెండు పట్టీలు తక్కువ రావాలె. గింత సదివిన్రు, గిది ఎర్కలేదా?"

"మా మగ్గం కింద ఎన్నడు ఏం మొలవలేదే. మరి గది కనబడేదెప్పుడు?"

"వానలు పడాలె, ఇత్తనం పడాలె, మోకాలెత్తు గావాలె. శ్రావణం."

అప్పటికి జ్యేష్ఠమే. విచారణ ఇంకో వారంలో ఉంది. "వాయిదా అడుగుత," అన్నాడు వకీలు.

తన నోటి మాట ఎటు పోయిందో సైదమ్మకు అప్పుడు తెలిసింది. "అంటే శ్రావణం దాక నా పెనిమిటి లోపలనేనా? వానల గొర్రెల నేనొక్కదాన్ని ఎట్ల సూసుకోవాలె?"

విచారణ రోజున ఆయన వాయిదా అడిగాడు.

మొదటిసారి జ్వరమన్నాడు. రెండోసారి దస్తావేజులు ఉర్దూలోకి రాయించాలన్నాడు. మూడోసారికి మేజిస్ట్రేటు విసుక్కున్నాడు.

"ఈసారి ఏం వచ్చింది వకీల్ సాబ్?"

"మా సాక్షి ఇంకా ఎదగలేదు హుజూర్."

"చిన్నపిల్లగాడా?"

"తొడలెత్తు కూడ లేడు హుజూర్."

మేజిస్ట్రేటు జాలిపడి వాయిదా ఇచ్చాడు.

ఈలోగా వానలు దిగాయి. గొర్రెల కాళ్ళకు పుండ్లు పట్టాయి. వకీలు తన ఇంటి వాకిలంతా మందకు వదిలేశాడు. భద్రమ్మ పెంచిన బచ్చలి తీగ ఒక్క పూటలో మాయమైంది. ఒక గొర్రె లోపలికొచ్చి, ఎవరిదో భూమి దావా అర్జీ సగం నమిలింది. వకీలు కూర్చుని మిగతా సగం చూసి మళ్ళీ రాశాడు. కానీ గొర్రెల రోగం మంగయ్యకు తెలిసినంత సైదమ్మకు తెలియదు. నలభై గొర్రెలు తగ్గుతూ వచ్చాయి. ఆమె వకీలుతో మాట్లాడడం మానేసింది. రోజూ పొద్దున ఆయన గది కిటికీ దగ్గర నిలబడి లెక్క మాత్రం చెప్పి పోయేది.

"ముప్పై ఒకటి, వకీల్ సాబ్."

ఇంకో వారానికి, "ఇరవై నాలుగు."

శ్రావణంలో తులసీరాం మేజిస్ట్రేటును చేను దగ్గరికి రమ్మని అర్జీ పెట్టాడు. సాక్షి ఎవరో అప్పుడు బయటపడింది. మేజిస్ట్రేటు కోపంగానే బయలుదేరాడు. ఎదుటి వకీలు, హన్మా, సైదమ్మ, అందరూ త్రిపురారం చేరారు.

చేను చెప్పాల్సింది చెబుతూనే ఉంది. నల్లటి పచ్చ పట్టీలు పక్కపక్కనే, దడి వేసిన చోట మాత్రం జానెడు పాలిపోయిన గీత. తులసీరాం గట్టు మీద నిలబడి దర్జాగా వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఎనిమిది వచ్చాయి.

ఎదుటి వకీలు నవ్వాడు. "అంగడికి అంగడికి నడుమ ఏడు రాత్రులే కదా వకీల్ సాబ్? ఈ ఎనిమిదో రాత్రి ఎక్కడిది? ఈ చేను పచ్చదనాన్ని నమ్మేదెట్లా?"

వకీలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెనక నుంచి సైదమ్మ అరిచింది.

"గది దుర్గయ్య పెంటకుప్ప పోసిన జాగ! గుండ్రంగున్నది కనబడ్తలేదా? మంద పట్టీ తీర్గ పంటది గని గుండ్రంగ పంటదా?"

మేజిస్ట్రేటు చెప్పులు విప్పి, బురదలో దిగి, తానే లెక్కపెట్టాడు. ఏడు. మధ్యలో ఎక్కడా తెగలేదు. మందను కోదాడకు తోలి, అక్కడ రెండు రాత్రులు ఆపి, మళ్ళీ తెచ్చి ఉంటే కనీసం నాలుగు పట్టీలు తక్కువ పడాలి. ఆయన దుర్గయ్య వైపు తిరిగాడు. దుర్గయ్య ఈసారి తల దించుకోలేదు. "ఏడు రాత్రులు పండింది హుజూర్. నేనే సూసిన," అన్నాడు.

హన్మాను అడిగితే, "చీకట్లో గొర్రెలన్నీ ఒక్కలాగే ఉంటాయండి. పొరబడ్డానేమోనండి," అన్నాడు.

మంగయ్యను వదిలేశారు. అతను నేరుగా వకీలు వాకిట్లోకొచ్చి, గొర్రెల కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. పదిహేడు. వాటిని తోలుకుపోయాడు. నెల తిరక్కముందే తులసీరాం పది గొర్రెలు కొని అతనికి తోలించాడు. మంగయ్య వాటిని మందలో కలుపుకున్నాడు. "ఇరవై ఏడు, వకీల్ సాబ్," అని సైదమ్మ కబురు పంపింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తులసీరాం కోర్టుకు పోయాడు. ఒక్క వాయిదా అడగలేదు. కూతురి పెళ్ళి రోజు కూడా పొద్దున్నే ఒక రైతు కేసు వాదించి, నల్లకోటుతోనే పందిట్లోకొచ్చాడు. ఆయన దగ్గర పని నేర్చిన వకీళ్ళు సూర్యాపేటలో, కోదాడలో ఇంకా ఉన్నారు. క్లయింటు లోపల ఉంటే వాళ్ళూ వాయిదా అడగరు.

ఏడో తరగతితో బడి మానేసిన మనవరాలు ఇదంతా రాసి, మంచంలో ఉన్న ఆయనకు చదివి వినిపించింది. "దొర మంగయ్యను మూడు నెల్లు జైల్ల పెట్టిచ్చిండు, మా తాత ఇడిపిచ్చిండని కింద ఇంకో ముక్క కలుపుత. మంచిగుంటదా తాతా?" అంది.

"దొర పెట్టిచ్చింది ఒక్క నెల," అన్నాడు ఆయన. "తక్కిన రెండు నెల్లు నేను పెట్టిచ్చిన. సరిగ్గ రాయి."