ఆగని పెట్టె

మా తోడల్లుడి పెట్టె మళ్ళీ మొరాయించిందన్న కబురు మా ఆవిడ చెప్పింది. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో మా కంప్యూటర్ల కొట్లో ఎవరిదో లాప్‌టాప్ విప్పుతున్నాను.

"పాపం, మరిదిగారు పొద్దున్నే ఏలూరు నుంచి పరిగెత్తారటండీ. అమ్మ చేపల పులుసు చేసి పెట్టిందట" అంది.

పాపమట! కూర్చోబెట్టి పులుసు వడ్డిస్తుంటే తినేవాడి మీద జాలేమిటో నాకర్థం కాలేదు.

మా మావగారికి కొల్లేరు పక్కన రెండు రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరగాలని ఆయన కోరిక. అల్లుళ్ళిద్దరమూ కంప్యూటర్ల మీద బతికేవాళ్ళమే కాబట్టి చెరో చెరువూ అప్పగించారు. గట్టు మీది షెడ్డులో ఒక పెట్టె, అందులో చిన్న కంప్యూటరు, నీళ్ళలోకి ఒక సెన్సరు. ఇద్దరం పెట్టినవీ అవే. తేడా అంతా లోపలి కెర్నెల్‌లో వచ్చింది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. సెన్సరు చెప్పింది విని మోటారుకి అందించేది అదే. అందులో నిలకడైనది ఒకటుంటుంది. జనం చాలాకాలం వాడి, తప్పులు ఏరేసి, ఇంక కొత్తవేవీ కలపకుండా ఉంచినది. ఇంకోటి ప్రయోగంలో ఉన్నది. నిన్న రాసింది ఇవాళ అందులో కలుస్తుంది. కొత్త సెన్సర్లన్నిటినీ గుర్తుపడుతుంది కానీ ఎప్పుడు చతికిలబడుతుందో రాసినవాడికే తెలియదు. నేను నిలకడైనది వేశాను. మా తోడల్లుడు రెండోది వేశాడు.

"కొత్తదాంట్లో ఉన్న సరదా వేరండీ, అన్నయ్యగారూ" అన్నాడు. రొయ్యల ప్రాణాలతో సరదా ఏమిటయ్యా అనిపించింది నాకు. పెట్టె ఆగినా మావగారు చేత్తో స్విచ్చి వేసుకుంటారు కాబట్టి రొయ్యలకి భయం లేదనుకోండి.

నా పెట్టె మాత్రం ఆగిందే లేదు. ఎండాకాలం గడిచింది, వానాకాలం గడిచింది, కరెంటు పోయినా వచ్చినా తనే లేచి తన పనిలో పడేది. దానివల్ల నాకు ఒరిగిందేమిటి? ఏమీ లేదు. ఆగని పెట్టె కోసం అల్లుణ్ణి ఎవరు పిలుస్తారు? మా ఇళ్ళల్లో పిలవందే అత్తవారింటికి వెళ్ళకూడదు, వెళ్తే పరువు తక్కువ. ఆయనగారికేమో వారం వారం పిలుపే.

ఒకసారి ఇంట్లో వ్రతమని మా ఇద్దర్నీ పిలిస్తే వెళ్ళాను. చెరువు గట్టు మీద మా తోడల్లుడు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. స్క్రీను మీద ఎండ పడకుండా మావగారు పక్కనే నిలబడి గొడుగు పట్టారు. "నువ్వు పొద్దుట్నుంచీ ఏం తినలేదు, లేవవయ్యా. అదెక్కడికీ పోదు" అంటున్నారు. అంతలో నన్ను చూశారు. గొడుగు దించి, భుజం మీది కండువా సర్దుకున్నారు.

"రండి రండి, అల్లుడుగారూ. ఎండలో వచ్చారే. కుర్చీ వేయించమంటారా అండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. తిన్నావా అని ఒక పెద్దాయన నన్ను కసురుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఒక్కమాట కోసమే చూస్తున్నాను. నాకు కుర్చీ వేస్తున్నారు, గొడుగేమో వాడికి పడుతున్నారు. అదీ ఎందుకు? వాడి పెట్టె పనిచెయ్యనందుకు!

ఆ వారమే కొట్లో కూర్చుని, ఇంటర్నెట్ మీదుగా నా పెట్టెకీ ప్రయోగంలో ఉన్న కెర్నెల్ ఎక్కించాను.

"బాగా నడుస్తున్నదాన్ని ఎందుకండీ కెలకడం?" అంది మా ఆవిడ.

"మనమూ కాస్త మారాలి కదా" అన్నాను.

నా ఖర్మ ఏమని చెప్పను, నా చేతిలో పడేసరికి ఆ ప్రయోగం కూడా బుద్ధిమంతుడైపోయింది. ఎన్నాళ్ళు చూసినా ఆగదు. వాడికి వారానికోసారి ఆగేది నాకెందుకు ఆగదని దాని మీద కూడా కోపమొచ్చింది.

చివరికి ఒక పొద్దున, పెట్టె చెరువు నుంచి నా ఫోనుకి పంపే ఆక్సిజన్ అంకెలు రావడం మానేశాయి. ఇక్కణ్ణుంచే సరిచెయ్యడానికి ప్రయత్నించవచ్చు. నేను చెయ్యలేదు. ఇంటికెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీలో లాప్‌టాప్ పెట్టుకుని, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఉంగుటూరు, దెందులూరు దాటి భోజనాల వేళకి చేరిపోవచ్చని లెక్కేసుకున్నాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను, భోజనాల వేళ అయింది.

అప్పుడు ఫోను మోగింది. మా తోడల్లుడు.

"అన్నయ్యగారూ, మీ చెరువు పెట్టె పొద్దున్న ఆగిందండీ. మావయ్యగారు ఫోన్ చేస్తే వచ్చాను. ఎవరో పొరపాటున కొత్త కెర్నెల్ ఎక్కించినట్టున్నారు. మీ పాతదే మళ్ళీ వేసేశాను. ఇంక మీకే దిగులూ లేదండీ."

ఎవరో అట! ఆ పెట్టె పాస్‌వర్డు మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

"నాకు చెయ్యలేదేం?" అన్నాను.

"చేద్దామన్నానండీ. మావయ్యగారే వద్దన్నారు. పెద్దల్లుడుగారిని ఇంత చిన్నపనికి రప్పిస్తే బాగోదన్నారు."

వెనక నుంచి మావగారి గొంతు వినిపించింది. "ఫోను పక్కన పెట్టవయ్యా. ముందు తిను, చల్లారిపోతోంది."

ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కానికి తగిలించాను. ఆ పెట్టె మళ్ళీ ఇంతవరకూ ఆగలేదు.