రమీజా దగ్గర లాక్కొచ్చిన పుస్తకం

ఈ రోజు మేడ్చల్‌లోని డిగ్రీ కాలేజీలో మొదటి ఏడాది నాటకం, కవిత్వం పాఠాలకు చివరి రోజు. నాలుగు నెలల క్రితం చనిపోయేదాకా ఆ పాఠాలు మా ఆవిడే చెప్పేది. ఆమె పుస్తకం తెచ్చుకుందామని వెళ్లాను. అది అలియాబాద్ అమ్మాయి రమీజా దగ్గర ఉంది.

"నాటకం చెప్తే అన్ని వేషాలు మేడమే ఏస్తుండె సార్. మేం మస్తు నవ్వేటోళ్లం. ఇంట్ల గూడ గట్లనే చేస్తుండెనా?"

"ఆఁ" అన్నాను.

ముప్పై ఏళ్లలో నా ముందు ఒక్క వేషమూ వేయలేదు. నవ్వించే మనిషి వాళ్లకు, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగే మనిషి నాకు. ఆ పిల్లలందరి మీదా అసూయ కలిగింది.

"ఎల్లుండి పరీక్ష సార్. గప్పటిదాంక ఉంచుకోనా?"

"వద్దమ్మా" అని తీసేసుకున్నాను.

శామీర్‌పేట వచ్చే బస్సులో తెరిచి చూశాను. నాటకంలో తండ్రి మాటల పక్కన పెన్సిలుతో రాసుకుంది: "ఇది మా ఆయనలా చదవాలి. మొహం గంటు పెట్టుకుని, ముక్తసరిగా."

మీ ఇంట్లో పంతులమ్మ ఉంటే అడిగి చూడండి, క్లాసులో మీ వేషం నడుస్తోందేమో.

రేపు పొద్దున్నే అలియాబాద్ వెళ్లి పుస్తకం రమీజాకు తిరిగి ఇచ్చేస్తాను. ఆ తండ్రి మాటలు మేడం చదివినట్టే ఒక్కసారి చదివి వినిపించమంటాను.