ట్యాంకు మలుపు దాకా

పొద్దున లేచింది మొదలు మెకానిక్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. సంచిలో స్పానర్లు సర్దాడు, తీశాడు, మళ్ళీ సర్దాడు. పంక్చర్ సామాను ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాడు.

"ఆ సంచికి ప్రాణముంటే ఈపాటికి మిమ్మల్ని కరిచేది" అంది భార్య.

కాళ్ళు కోల్పోయిన పిల్లలకు కృత్రిమ కాళ్ళు పెట్టించడానికి, ఊరూరా విరాళాలు అడుగుతూ పన్నెండు రోజులు బైకుల మీద తిరగాలని స్నేహితుల సంకల్పం. మొదటి ఏడాది సరిగ్గా బయల్దేరే రోజున మెకానిక్‌కు కడుపునొప్పి వచ్చింది. రెండో ఏడాది షాపులో పని తెమల్లేదు. ఆయన లేకుండా వెళ్ళినవాళ్ళు సగం దారిలో బండి మొరాయించి, తెల్లమొహాలు వేసుకుని తిరిగొచ్చారు. దాంతో వాళ్ళకు పెద్దదిక్కయిన బడి మాస్టారు ఈసారి తేల్చి చెప్పేశారు.

"నువ్వొస్తేనే యాత్ర. లేకపోతే ఇంతటితో సరి. ఆ పిల్లలకు నువ్వే చెప్పుకో."

వెళ్ళాలని ఆయనకూ ఉంది. భయం కూడా అంతే ఉంది. ముప్పై ఏళ్ళలో ఆయన నడపని రకం బండి లేదు. కానీ బాగుచేసిన ప్రతి బండినీ నీళ్ళ ట్యాంకు మలుపు దాకా తీసుకెళ్ళి, అక్కడ తిప్పుకొచ్చి, "ఇక ఢోకా లేదు" అని యజమానికి అప్పగించడమే ఆయన పద్ధతి. పరాయి బండిని అంతకుమించి నడిపితే దొంగతనం కింద లెక్క. సొంత బండి అంటూ ఏనాడూ లేదు. ఈ ఏడాదే పాత సామాన్లు ఏరుకొచ్చి ఒకటి తయారుచేసుకున్నాడు. తిరిగిన దూరమంతా కలిపితే బోలెడవుతుంది. గానుగెద్దుకూ అవుతుంది.

ఎనిమిది బళ్ళు బయల్దేరాయి. వెనక ఉంటే ఎక్కడ జారుకుంటాడోనని మాస్టారు ఆయన్ని ముందు పెట్టారు. మెకానిక్ చెవి ఇంజను మీదే ఉంది. బ్రేకు నొక్కి చూశాడు, గేరు మార్చి చూశాడు. అంతా బాగానే ఉందనుకున్నాక చేతులు వాటి పని అవి చేశాయి. ట్యాంకు మలుపు దగ్గర బండి చక్కగా వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. ముందువాడు తిరిగాడంటే ఏదో కారణం ఉంటుందని మిగతా ఏడుగురూ గొర్రెల్లా తిరిగారు.

ఇంటిని ఆనుకునే ఉన్న తన షాపు ముందు బండి ఆపి, "ఇక ఢోకా లేదు" అనబోయి నాలుక కరుచుకున్నాడు.

"ఏం మర్చిపోయావ్?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు. అలవాటు." సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "నావల్ల కాదేమో మాస్టారూ."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకు.

భార్య తలుపుకు గొళ్ళెం పెట్టి వచ్చింది. వెనక సీటుకు కట్టిన సంచి విప్పి ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది.

"పదండి. ఆ మలుపు దాటించి దిగిపోతాను."

"మళ్ళీ ఎలా వస్తావు?"

"నడిచి."

మలుపు రాగానే ఆయన చేతులు పక్కకు లాగాయి. ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. బండి తిన్నగా ముందుకు పోయింది.

కిలోమీటరు రాయి దగ్గర ఆమె దిగి సంచి మళ్ళీ కట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని రోడ్డుకేసి చూసింది.

"బండి మీద ఇంత దూరం రావడం నాకూ ఇదే మొదటిసారి. ఎప్పుడో ఒకప్పుడు ఎక్కమంటారని చూశాను."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆయన ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాడు.

"వచ్చాక ఇద్దరం వెళ్దాం" అన్నాడు.

"ముందు మీరు వెళ్ళండి" అని ఆమె ఇంటివైపు నడిచింది.