రాజేశం కాక ముక్కు

ఈ ఉదయం ఫస్టు షిఫ్టుకు తయారై, అద్దం ముందు తల కాస్త కిందికి వంచి ముక్కులో స్ప్రే కొట్టుకున్నాను. ఒక్క క్షణం ఆగాక గులాబి లాంటి సన్నటి వాసన వచ్చింది. మందు కొట్టుకున్నాక కూడా సీసా పట్టుకుని అట్లా నిలబడిపోతానని మా ఆవిడ నవ్వుతుంది. ముక్కు మందును చూసి మనిషిని తలుచుకునేవాణ్ణి గోదావరిఖని మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. కానీ ఆ వాసనకూ రాజేశం కాకకూ నా లోపల ముడి పడిపోయింది, ఇక అది విడదు.

కాక నాకు చిన్నాన్న లాంటివాడు, మా క్వార్టర్ల వరసలోనే ఉండేవాడు. బొగ్గుబాయిలో సర్దారు. షిఫ్టు మనుషులు పనిలోకి దిగకముందే సర్దారు ఆ చోటంతా తిరిగి చూసి, భయం లేదనుకుంటే గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం పెడతాడు. ఆ సంతకం చూశాకే మిగతావాళ్లు అక్కడ అడుగుపెడతారు. నేను ఆ పని నేర్చుకోవడానికి ఆయన వెనక తిరిగాను. పని అయిపోయి గోడ కట్టి మూసేసిన పాత చోట్ల దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగేవాడు. లోపల మిగిలిన బొగ్గు ఒక్కోసారి తనంతట తానే వేడెక్కుతుంది. మంట పుట్టకముందే కిరసనాయిలు లాంటి వాసన సన్నగా బయటికొస్తుంది. "మిషను చెప్తది, కాదనను. కాని ముక్కు ముందుగల్ల చెప్తది" అనేవాడు నడుముకున్న, గ్యాసును పసిగట్టే మిషనును తడుతూ.

అంత గొప్ప ముక్కుకే జబ్బు చేసింది. పొద్దున లేస్తే తుమ్ములే తుమ్ములు. మెడికల్ షాపులో కొన్న చుక్కలు వేసుకోగానే ముక్కు తెరుచుకునేది, కాసేపటికి మునుపటికంటే గట్టిగా బిగుసుకునేది. జలుబు అనుకున్నాం అందరం. ఆయనా అదే అనుకున్నాడు.

ఒకరోజు మూసేసిన గోడ దగ్గర కాక చూసి, సంతకం పెట్టి ముందుకు నడిచాడు. వెనకే వస్తున్న నాకు కిరసనాయిలు వాసన తగిలింది. అప్పటికే సుద్దతో సంతకం పడింది, పెట్టింది నా గురువు. తప్పని ఎట్లా చెప్పను? అయినా పిలిచాను.

"కాకా, వాసన వస్తున్నది."

ఆయన వెనక్కి వచ్చి గోడకు మొహం ఆనించి గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"నాకేం వస్తలేదు. నిజంగనేనా కొడుకా?"

"నిజంగనే కాకా."

కోప్పడతాడనుకున్నాను. ఆయన అరచేత్తో తన సంతకాన్ని తానే తుడిచేశాడు. గోడ పగులు దగ్గర మిషను పెట్టి చూస్తే అందులో అంకె పెరుగుతోంది. "ఎవ్వల్ని లోపటికి రానియ్యకు" అని, పైకి కబురు పంపాడు. ఆ తర్వాత గోడకు మళ్లీ పూత వేసి, అంతా చల్లబడిందని తేలాకే అక్కడ పని మొదలైంది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా పైకి వచ్చేదారిలో కాక మొహం చూడలేకపోయాను.

"పైనోళ్లకు జలుబని చెప్పరాదా కాకా" అన్నాను.

"నా సంతకం జూసి పిలగాండ్లు లోపటికి వస్తరు. వాసన రాని ముక్కుతోని సంతకం ఎట్ల పెడుదు?"

మేనేజరు గదిలో పదిమంది ముందూ, "సార్, నా ముక్కు పోయింది. సుద్ద నా చేతికియ్యకుండ్రి" అన్నాడు. ఆయన్ని పైన లాంపు రూములో వేశారు. దిగేవాళ్లకు లైట్లు అందిస్తూ కూర్చునేవాడు. మళ్లీ కిందికి దిగుతానో లేదోనన్న దిగులు ఆయనను లోలోపల తినేసేది.

దవాఖానకు నేనే తీసుకెళ్లాను. అలర్జీతో ముక్కు లోపల వాచిందనీ, ఆ చుక్కలు మానేసి ఈ స్ప్రే రోజూ కొట్టుకోవాలనీ, గుణం కనపడటానికి వారాలు పట్టొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. అది స్టెరాయిడ్ అని తెలిసి రాజవ్వ చిన్నమ్మ, కాక భార్య, హడలిపోయింది. "మొకం వాస్తదట, బొక్కలు గుల్లయితయట" అని సీసాను బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఇది గోలీ కాదు, కొంచెమే మందు, పనంతా ముక్కులోనే అని డాక్టరమ్మ మళ్లీ విడమరిచి చెప్పాక గానీ సీసా బయటికి రాలేదు.

ఇక కాక సంగతి. తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడకు గురిపెట్టి కొట్టుకునేవాడు. మందంతా గొంతులోకే జారేది. తల కిందికి వంచాలనీ, బయటివైపుకు తిప్పి కొట్టాలనీ, గట్టిగా ఎగపీల్చకూడదనీ రోజూ సాయంత్రం వెళ్లి గుర్తుచేసేవాణ్ణి. "నీళ్లు కొట్టుకున్నట్టున్నది. వాసన లేదు, ఏం లేదు" అని గొణిగేవాడు.

చిన్నమ్మ కొంగుతో ఆయన కళ్లు మూసి, ముక్కు కింద ఒక్కో వస్తువూ పెట్టి పరీక్ష చేసేది. మెంతులు పెట్టినా ఉల్లిగడ్డే, సబ్బు పెట్టినా ఉల్లిగడ్డే. ఒకసారి "ఎండుచేపలు!" అన్నాడు. చిన్నమ్మ ఎగిరి గంతేసింది. తీరా చూస్తే కొంగు సందులోంచి తోక కనపడిందట. ముగ్గురం పడీపడీ నవ్వాం. నవ్వి నవ్వి, "కూర మాడినా తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు కాక. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఒక సాయంత్రం ఎప్పటిలాగే స్ప్రే కొట్టుకుని ఆగిపోయాడు.

"ఏమే, తలకు నూనె మార్చినవా?"

"నేనేడ మార్చిన?" అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

కాక అటూ ఇటూ చూసి, సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కొడుకా, గీ మందుల గులాబి పూలు ఏస్తరా ఏంది?"

"మొదటిసంది గదే వాసన కాకా."

"మరి నాకు చెప్పకపోతివి!"

చిన్నమ్మ పోపుల డబ్బా మొత్తం ఎత్తుకొచ్చింది. ఈసారి కళ్లు మూయలేదు, ఆయనే మూసుకున్నాడు. ఆవాలు, జీలకర్ర, పసుపు ఒక్కోటే పేరు చెప్తుంటే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మందు ఘాటుకు అని బుకాయించాడు. ఆ మందుకు అంత ఘాటు లేదని మా ముగ్గురికీ తెలుసు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ బాయిలో దిగాడు. మొదటిరోజు అదే గోడ దగ్గర ఆగి, తాను పీల్చి చూసి, "నువ్వు సుత జూడు" అని నన్ను ముందుకు తోశాడు. నేను తలూపాకే సుద్ద తీశాడు. ఆయన రిటైరయ్యేదాకా అక్కడ అదే పద్ధతి. కాక ఇప్పుడు లేడు.

నేనిప్పుడు సర్దారును, నా ముక్కుకూ అదే అలర్జీ. ఆ మధ్య తుమ్ములు ముదిరి, ఒక పొద్దున ఎంత కొట్టుకున్నా గులాబి రాలేదు. బాయి మీద అందరి ముందూ, "ఇయ్యాల నా ముక్కు పనిచేస్తలేదు, సుద్ద ఇంకొకలకియ్యిండ్రి" అన్నాను. పక్కనున్నతను నా చెవిలో, "జలుబని చెప్పరాదా అన్నా" అన్నాడు. ఆ మాట నాదే, కాకతో అన్నది. అతనికి కాక చెప్పిన జవాబే చెప్పాను.

ఇవాళ మాత్రం గులాబి వచ్చింది. సీసా మూతపెట్టి, సుద్దముక్క జేబులో వేసుకున్నాను.