అమలాపురంలో నేను వండిన పప్పు

పాతికేళ్ల పెళ్లిరోజుకి ఏం కావాలని అడిగితే మా ఆవిడ సుగుణ చీర అనలేదు, గొలుసు అనలేదు. "మీ చేత్తో వండింది ఒక్క పూట తినాలి," అంది. సికింద్రాబాద్‌లో మా ఇంట్లో అది జరిగే పని కాదు. నేను గరిటె పట్టుకుంటే మా అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంది. అందుకని అమలాపురం పాత ఊళ్లో, గడియారస్తంభం సెంటర్‌కి దగ్గర్లో, వంటగది ఉన్న వాటా మూడు రోజులకి అద్దెకి మాట్లాడాను. "వంట మీరే చేసుకోవచ్చు" అని ప్రకటనలో స్పష్టంగా రాసి ఉంది. మామిడికాయ పప్పు ఎలా చెయ్యాలో ఫోన్‌లో చూసి దొంగచాటుగా బట్టీ పట్టాను.

శుక్రవారం పొద్దున్న ఆరుంబావుకి రాజమండ్రిలో రైలు దిగి ఏడింటి బస్సెక్కాం. రావులపాలెం దాటాక పక్కసీటు పెద్దాయన ఎవరింటికని అడిగారు. అద్దె వాటా అని, మేమే వండుకుంటామని చెప్పాను.

"అమలాపురం వచ్చి మీరు వండుకోవడమేంటండి? నలుగురూ వింటే మా గురించి ఏమనుకుంటారు?" అన్నారు. నిజంగానే నొచ్చుకుని, దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

తొమ్మిదిన్నరకి చేరాం. పాత మేడ, ఎర్ర గచ్చు, ఎత్తు గడపలు. కింద ఇంటావిడ సువార్తమ్మ గారు ఉంటారు, రిటైరైన టీచరు. పైవాటా మాది. వంటగదిలో కుక్కరు, పోపులపెట్టె, రెండు పొయ్యిల స్టవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. వంగి చూస్తే కింద సిలిండరు లేదు.

దిగి వెళ్లి, పంపిస్తారా అని అడిగాను. "ఆయ్," అన్నారు సువార్తమ్మ గారు. సరేనన్నారనుకుని పైకొచ్చాను.

పన్నెండింటికి సిలిండరు రాలేదు, నాలుగు గిన్నెల క్యారేజీ వచ్చింది. పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగు. సుగుణ లొట్టలేసుకుంటూ తింది. నాకు ఒళ్లు మండింది. రెండోసారి వడ్డించుకున్నాక కాస్త చల్లారింది.

ఖాళీ క్యారేజీ ఇస్తూ, "రాత్రికేమీ పంపకండి," అన్నాను. "ఆయ్." రాత్రికి చేపల పులుసు. "పొద్దున్నకైనా సిలిండరు..." "ఆయ్, ఆయ్." పొద్దున్న పెసరట్లు, అల్లం పచ్చడి.

శనివారం పదింటికి ఆటో మాట్లాడుకుని పలివెల గుడికి వెళ్లాం. స్తంభాల మీద చెక్కడం తీరిగ్గా చూడాల్సింది, మీరు వెళ్తే చూడండి. నా బుర్రంతా సిలిండరే. తిరిగొస్తూ డ్రైవర్‌తో మొర పెట్టుకున్నాను.

"ఆవిడ ఆయ్ అన్నారంటే మీ మాట విన్నారనండి. ఇస్తానని ఎప్పుడన్నారు?" అన్నాడతను.

ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ కాదనలేదు.

ఆ సాయంత్రం తలుపు దగ్గర మళ్లీ క్యారేజీ. సుగుణ దాన్ని లోపలికి తెస్తూ, "మీరూ ఆవిడా మాట్లాడుకునే చేస్తున్నారు కదూ? ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా," అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. పాతికేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి మా తిరుగు బస్సు. ఇదీ ఎగ్గొట్టానని ఆమె మనసులో పడిపోతే ఇక జన్మలో చెరగదు. నాకు భయం వేసింది.

ఆదివారం తొమ్మిదింటికి సువార్తమ్మ గారు తెల్లచీరలో, బైబిలు చేత్తో పట్టుకుని చర్చికి బయల్దేరుతుంటే మెట్ల మీద అడ్డం నిలబడ్డాను. సిగ్గు చంపుకుని మొత్తం చెప్పేశాను. వండేది సుగుణ కాదు, నేనని.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఈ ముక్క మొన్నే చెప్తే మొన్నే ఇచ్చేసేదాన్నండి. ఊరికొచ్చిన ఆడమనిషికి పొయ్యి తప్పిద్దామని పంపేను గానీ, మీకు తప్పించడానికా?" అన్నారు. వెనక్కి వెళ్లి తన స్టవ్వు సిలిండరే విప్పించి, "పట్టుకెళ్లండి," అన్నారు.

వీధి చివర మామిడికాయలు కొన్నాను. సుగుణని గది దాటి రావద్దన్నాను. పప్పు ఒకసారి పొంగింది, ఒకసారి అడుగంటింది, మామిడికాయ పులుపు ఎక్కువైంది. పన్నెండున్నరకి సువార్తమ్మ గారు మరో ఇద్దరు ఆడవాళ్లతో సరాసరి పైకొచ్చేశారు.

"మీ పప్పు గురించి చర్చిలో ప్రార్థన చేయించేనండి. ఎలా కుదిరిందో చూద్దామని వీళ్లూ వచ్చేరు."

ముగ్గురూ తలా చెంచాడు రుచి చూశారు. "ఆయ్," అన్నారు. ఆ మాటకి అర్థం నాకు అప్పటికి తెలుసు.

సుగుణ మాత్రం కంచం ఖాళీ చేసింది. బాగుందో లేదో చెప్పదే. బస్సులోనూ చెప్పలేదు.

ఏడింటికి రాజమండ్రిలో రైలెక్కాక, సిలిండరు తిరిగిచ్చాక సువార్తమ్మ గారు దారికని వండి కట్టిచ్చిన రొయ్యల ఇగురు, అన్నం తీసి నా ముందు పెట్టింది. తను సంచి అడుగు నుంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. మూత తియ్యగానే మాడు వాసన రైలుపెట్టెంతా కొట్టింది.

"అది తెచ్చావా? పారేయలేకపోయావా? రొయ్యలు తిను," అన్నాను.

"రొయ్యలు మీరు తినండి," అని, నాకు అందకుండా డబ్బాని కిటికీ వైపు తిప్పుకుంది.