యాదమ్మ చూసిన చారలు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా దాని పేరెత్తకుండా, ఇంకేవో చిన్న చిన్న తప్పులు ఒప్పుకుని లేచి వచ్చేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. ఏదైనా ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా మనసు ఊరుకోదు. గుంటూరులో అమ్మ నర్సుగా ఉన్నప్పుడు ఆమె బీపీ మిషన్ విప్పదీసి, మళ్ళీ బిగించడం రాక వీపు విమానం మోత మోగించుకున్నాను. ఆ కుతూహలమే నన్ను ఇంజనీరును చేసింది. యాదమ్మ దగ్గరికి చేర్చిందీ అదే. మరి అంత తెలుసుకోవాలనుకునే మనిషిని, తెలిసిన దాన్ని తెలియదని ఎలా అన్నాను? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే.

అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. బట్టల మిల్లుల కోసం ఒక మిషన్ తయారుచేస్తున్నాం. నేసిన బట్ట గాజు బల్ల మీదుగా జరుగుతూ పోతుంటే పైన ఉన్న కెమెరా చూసి, ఎక్కడ చిల్లు పడింది, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక అంటింది తనంతట తానే గుర్తుపట్టాలి. మిల్లుల్లో ఆ పని అంతవరకూ మనుషులే కళ్ళతో చేసేవారు. మిషన్‌కు నేర్పాలంటే ముందు ఎవరో ఒకరు వేల ఫోటోల మీద లోపాలు గుర్తించి పెట్టాలి. మాకేమో బట్ట గురించి ఓనమాలు రావు. అందుకని మాతో కలిసి పనిచేస్తున్న మిల్లువాళ్ళు, తమ చెకింగ్ సెక్షన్‌లో అందరికంటే అనుభవమున్న మనిషిని ఆరు వారాలు మా ఆఫీసుకు పంపారు. ఆమే యాదమ్మ.

యాభై దాటిన మనిషి. ప్రగతి నగర్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. మెడలో విజిటర్ కార్డు, ఏసీ చలికి తల చుట్టూ కప్పుకున్న కొంగు. మౌస్ పట్టుకోవడం ఒక్క పూటలో నేర్చుకుంది. రెండో రోజుకే విసుగెత్తింది. "ఫోటోల బట్టను సూసుడేంది బిడ్డ, బట్టను బట్ట లెక్క సూడాలె" అని, మిల్లు నుంచి వచ్చిన కోరా బట్ట, అంటే ఇంకా రంగు వేయని బట్ట, ఒక ముక్క తీసుకుని మా ఆఫీసు అద్దాల గోడ దగ్గరికి వెళ్ళింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. ముక్కను నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించినంత పనిచేసి, ఒంటి కన్నుతో చూడటం మొదలుపెట్టింది. ఆంటీకి కళ్ళు తిరిగాయనుకుని ఎవరో నీళ్ళు పట్టుకొచ్చారు.

ఆమె చూస్తున్నది చారలు. రెండు వేర్వేరు లాట్ల నూలు పొరపాటున ఒకే బట్టలో కలిసిపోతే కోరాగా ఉన్నప్పుడు తేడా తెలియదట. రంగు వేశాక ఒక నూలు ఎక్కువ, ఒక నూలు తక్కువ పీల్చుకుని అడ్డంగా చారలు తేలతాయి. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు. ఆ చారలను ఈమె రంగుకు ముందే పట్టేస్తోంది. ఎలా? నాకు ఒళ్ళంతా జిలపుట్టింది. నేనూ నేల మీద బోర్లా పడుకున్నాను. ఏమీ కనిపించలేదు. మర్నాడు కూడా అంతే. "తొందరపడకు, కన్నును సల్లగ పెట్టు" అనేది ఆమె. ఐదో రోజు సాయంత్రం ఉన్నట్టుండి కనిపించాయి. తెల్లటి బట్టలో అంతకంటే కాస్త తెల్లటి గీతలు, ఉన్నాయా లేవా అన్నట్టు. నేను అరిచిన అరుపుకి టీమంతా తలలెత్తి చూసింది. యాదమ్మ మాత్రం ఇదేం గొప్ప అన్నట్టు టిఫిన్ డబ్బా తెరిచింది.

ఆ తర్వాత నేను ఊరుకుంటానా? ముక్కలు కలిపేసి, వెనక నంబర్లు రాసి, ఆమెను పరీక్షించాను. ఒక కన్ను మూయించాను. తలకిందులుగా పెట్టాను. అన్నీ బాగున్న ముక్కలే ఇచ్చి, చారలున్నాయేమో చూడమన్నాను. "ఏంది బిడ్డ, పరేషాన్ జేస్తున్నవ్" అని నవ్వేదే గాని ఒక్కటీ తప్పలేదు. వాళ్ళ మామ మగ్గం నేసేవాడట, కోడలిగా వచ్చిన కొత్తలో బట్టను గుమ్మంలో వాలుగా పట్టుకుని చూడటం ఆయనే నేర్పాడట. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. మా మిషన్ దీన్ని ఎందుకు పట్టుకోలేదో కూడా ఆ వారమే అర్థమైంది. మా లైటు బల్ల కింది నుంచి వస్తుంది, కెమెరా నిలువునా పైనుంచి చూస్తుంది. చిల్లులకు అది చాలు. నూలు తేడా తెలియాలంటే లైటు పక్క నుంచి పడాలి.

ఇది మా టీమ్ లీడ్‌కు చెప్పానా? లేదు. పక్క లైటు పెట్టి, పరిష్కారంతో సహా చూపిస్తే బాగుంటుందనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, కనిపెట్టింది నేనే అన్నట్టు ఉంటుందనుకున్నాను. కాబట్టి మిల్లువాళ్ళకు మిషన్ నడిపి చూపించే డెమో రోజుకు ఆ సంగతి తెలిసింది నాకూ యాదమ్మకూ మాత్రమే.

డెమో రోజు వాన. అద్దాల గోడంతా బూడిదరంగు. మిల్లు మేనేజర్ వచ్చాడు, మర్యాదస్తుడు. ఆయన తెచ్చిన కోరా రోల్ మిషన్ మీద నడిపాం. ఏ లోపమూ లేదని పచ్చ గుర్తు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. వెనక నిలబడ్డ యాదమ్మ ముందుకు వచ్చి, బట్ట అంచు పైకెత్తి, కిటికీ వైపు వాల్చి చూసి, దీంట్లో చారలున్నాయని చెప్పింది. మేనేజర్ ఆమెను చూశాడు, మిషన్‌ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆమెతో కూర్చున్నదాన్ని నేనే కదా. మీరేమంటారు మేడమ్ అని అడిగాడు.

నేను వంగి చూశాను. చారలు ఉన్నాయి. వాన వెలుతురులో కూడా కనిపించాయి. అనుమానం లేదు. ఎనిమిదేళ్ళుగా ఆ అనుమానాన్ని పుట్టించడానికి ఎంత ప్రయత్నించానో నాకే తెలుసు. వెలుతురు సరిగా లేదు కదా, కంగారులో ఉన్నాను కదా అని. లాభం లేదు. నేను చూశాను. నడుం నిటారు చేసి, "నాకేమీ కనిపించట్లేదండి" అన్నాను.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందని కాదు. ఉన్నాయంటే డెమో ఆగేది, మా లీడ్ ముఖం మాడేది, రెండు నెలలు ఆలస్యమయ్యేది, అంతే. ఎవరూ చచ్చిపోరు. నా మిషన్ నా కళ్ళ ముందే ఓడిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. తర్వాత సర్దుకోవచ్చులే అని కూడా అనుకున్నాను. ఆ "తర్వాత"లో యాదమ్మ ఏమవుతుందో అప్పుడు నా బుర్రకు తట్టనే లేదు. మేనేజర్ ఆమెతో మెత్తగానే, ఓసారి కళ్ళు చూపించుకో యాదమ్మా అన్నాడు.

సాయంత్రం లిఫ్టు దగ్గర నాకోసం ఆగింది. ఇద్దరమే ఉన్నాం.

"నిజం జెప్పు బిడ్డ. నీకు గూడ కనవడలేదా?"

"లేదండి."

"మంచిగ సూసినవా? పక్క నుంచి?"

"చూశానండి. ఏమీ లేవు."

ఆమె కోపగించుకుంటుందనుకున్నాను. అబద్ధమాడుతున్నావే అని నిలదీస్తుందనుకున్నాను, అలా చేసినా బాగుండేది. ఆమె తన అరచేతిని కళ్ళ ముందు పెట్టుకుని, దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూసుకుంది.

"గట్లయితే నా కండ్లే పోయినట్టున్నయి. నువ్వైతే అబద్ధం చెప్పవు" అంది.

లిఫ్టు వచ్చింది. విజిటర్ కార్డు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

తర్వాత జరిగింది మేనేజర్ ఫోన్లో చెప్తే తెలిసింది. ఆమెను ఎవరూ తీసేయలేదు. తనే వెళ్ళి అడిగిందట. కండ్లు కనబడని దాన్ని, నా వల్ల బట్ట ఖరాబు కావొద్దు, చెకింగ్ వద్దు నాకు, దారాలు కత్తిరించే పనిలో వెయ్యండి అని. ఎంత నిజాయితీ గల మనిషో చూశారా మేడమ్ అన్నాడు ఆయన. అవునండి అన్నాను. ఫోన్ పెట్టేశాను. మళ్ళీ ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్తే సరిపోయేది. చేయలేదు.

మా చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పుకుంటారు. ఆ వారం దేవుడు చేసిన మేలేమిటో లేచి నిలబడి అందరికీ చెప్పాలి. మిల్లుతో మా ఒప్పందం ఖాయమైన ఆదివారం, అప్పటికి రిటైరై నా దగ్గరే ఉంటున్న అమ్మ మోచేత్తో పొడిచింది, లేవవే అని. లేచాను. నా పనిని దేవుడు ఆశీర్వదించాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మేలు చెప్పడానికి మాకు అంత చక్కటి సమయం ఉంది, చేసిన తప్పు చెప్పడానికి మాత్రం లేదేమిటి అని ఆ రోజు మొదటిసారి ఆలోచించాను. ఉంటే మాత్రం చెప్పేదాన్నా?

నెల తర్వాత ఆ రోల్‌కు రంగు వేశారు. ముదురు నీలం. మిషన్ తప్పు చూపించడానికి అందులోంచి ఒక ముక్క కత్తిరించి మిల్లువాళ్ళు కొరియర్లో నా పేరున పంపారు. దారాలు కత్తిరించే చోట ఉన్న యాదమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, చెప్పమని నేనూ అనలేదు. టేబుల్ మీద పరిచాను. పక్క నుంచి చూడాల్సిన పనే లేదు. గది అవతలి నుంచి కూడా కనిపిస్తున్నాయి, యాదమ్మ చెప్పిన చారలు. అప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు, ఆశ్చర్యం. వాన వెలుతురులో ఇవన్నీ ఎలా చూడగలిగింది! ఆ తర్వాతే మిగతాది. మిషన్‌కు పక్క లైటు పెట్టాం. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని ఆఫీసు కాగితాల్లో అడిగిన చోట, ప్రయోగాల ద్వారా అని రాశాను. నాకు ప్రమోషన్ వచ్చింది. పెళ్ళయి తెల్లాపూర్‌కు ఇల్లు మారినప్పుడు ఆ నీలం ముక్కను చెత్తబుట్టలో వేశాను. పీడ పోయిందనుకున్నాను కూడా.

పోయిన నెల మదీనాగూడలో ఒక చీరకు జాకెట్టు గుడ్డ కోసం మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళాను. లోపల స్టూలు మీద యాదమ్మ. అది ఆమె కోడలు పెట్టిన దుకాణమట. గుర్తుపట్టి, "నువ్వా బిడ్డ!" అని లేచి నిలబడింది. నేను తెచ్చిన చీర కొంగు చేతిలోకి తీసుకుని, గోడ నిండా ఉన్న వందల రంగుల్లోంచి తిన్నగా ఒకదాన్ని లాగింది. చీరలోంచి కత్తిరించినట్టు కలిసింది. లాగిన వెంటనే కోడలి వైపు తిరిగింది.

"జర సూడవే, కలిసిందా? నాకు కండ్లు మంచిగ లేవు."

"మా అత్తమ్మకు గదే రంది మేడమ్," అంది కోడలు. "కంటి దవాఖానల ఏం లేదన్నరు. అయినా నమ్మది."

ఎనిమిదేళ్ళు. రోజుకు ఎన్ని చీరలకో. కలిపిన ప్రతిసారీ పక్కవాళ్ళను అడుగుతూ. నేను స్టూలు దగ్గరికి వెళ్ళి, కోడలి ముందే చెప్పేశాను. ఆ రోజు చారలు ఉన్నాయని, నేను చూశానని, రంగు వేశాక తేలాయని, మిషన్‌కు ఆమె చెప్పినట్టే పక్క లైటు పెట్టామని. ఆమె నా ముఖాన్ని చాలాసేపు చూసింది, అప్పట్లో బట్టను చూసినట్టే, తల కొంచెం పక్కకు వాల్చి.

"గా బట్ట ముక్క ఉన్నదా నీ తాన? ఒక్కసారి సూస్త."

పారేశానని చెప్పాను.

"గప్పుడు నీ మాటే నమ్మిన," అంది మెల్లగా. "ఇప్పుడు గూడ నీ మాటే నమ్మాల్నా బిడ్డ?"

ఆమె తిట్టలేదు, ఏడవలేదు, పోనీలే అనీ అనలేదు. కోడలు చూసి కలిసిందని చెప్పాకే జాకెట్టు గుడ్డ కత్తిరించి, మడిచి ఇచ్చింది. మరో ఆమె చీర పట్టుకుని వస్తే అటు తిరిగింది.

ఆ రోల్‌లో చారలు ఉన్నాయి. యాదమ్మకు కనిపించాయి, నాకూ కనిపించాయి. నేను లేవన్నాను. ఇది కాగితం మీద పెట్టాక ఛాతీలో ఏదో కాస్త సడలింది, ఆ మాటా దాచను. ఆమెకు ఆ సుఖం కూడా లేదు. ఇప్పుడు కూడా ఆ కొట్లో ఏదో రంగు సరిగ్గా పట్టుకుని, కలిసిందా అని ఎవరినో అడుగుతూ ఉంటుంది.